మాత్ర నడిమి గీత

కిందటి వారం విలాసిని సిస్టర్‌ని మనం కూవక్కండం ఆరోగ్య కేంద్రం వరండాలో, చెవికి ఫోను ఆనించుకుని నిలబడ్డ మనిషిని నిలబడ్డట్టే వదిలేశాం. ఆ ఫోనులో ఆమె విన్నది ఇదీ. రేపు పదకొండింటికి జిల్లా నుంచి పెద్ద డాక్టరమ్మ వస్తుంది. ఔత చేట్టన్ ఎందుకు పడిపోయాడో, అందులో తప్పు ఎవరిదో తేలుస్తుంది. నర్సుదే తప్పని తేలితే గురువారం క్లినిక్కు ఇక ఉండదు.

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళకు గురువారం క్లినిక్కు సంగతి చెప్పకపోతే అన్యాయం. ఈ కొండ పంచాయతీలో అరవై దాటిన మనిషికి ఒక్క జబ్బే ఉంటే అతను అదృష్టవంతుడి కింద లెక్క. షుగరు ఉన్నచోట బీపీ ఉంటుంది, ఆ రెండూ ఉన్నచోట గుండె కుదురుగా ఉండదు, గుండెకు వాడే మందు మూత్రపిండాలకు పడదు. ఇదివరకు ఇక్కడి ముసలివాళ్ళ గుండె కోట్టయంలో, మూత్రపిండాలు ఎర్నాకుళంలో, కళ్ళు ఇంకెక్కడో ఉండేవి. ఏ డాక్టరుకు ఆ డాక్టరు తన వాటాకు వచ్చిన ముక్కను చూసి మందు రాసి పంపేవాడు. ఇంటికొచ్చాక ఆ మందులన్నీ ఒకే కడుపులో పడతాయన్న ధ్యాస ఎవరికీ ఉండేది కాదు. ఆ బరువు విలాసిని నెత్తికెత్తుకుంది. గురువారం వస్తే ఆ మనుషుల్ని కూర్చోబెట్టి, సంచుల్లోని మాత్రలన్నీ బల్ల మీద పోయించి, పేరు మార్చుకుని రెండుసార్లు వచ్చిన మాత్రను పక్కకు తీయించేది. డాక్టర్లకు ఫోన్లు చేసి ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేది. మిగతా రోజుల్లో గడప గడపకూ తిరిగి, ఎవరు ఏం తింటున్నారో, మాత్ర ఎవరి చేతి మీదుగా అందుతోందో చూసుకునేది. పేరులో తప్ప ఆమె బతుకులో విలాసం మచ్చుకైనా లేదు.

ఔత చేట్టన్ ఆ క్లినిక్కుకు మొదటినుంచీ వస్తున్నవాడు. ఇక్కడ అన్నను చేట్టన్ అంటారు, అక్కను చేచ్చి అంటారు. రబ్బరు చెట్లు గీసి బతికిన మనిషి. షుగరు, బీపీ, అరకొరగా పనిచేసే మూత్రపిండాలు, ఒకసారి వచ్చిన పక్షవాతానికి చచ్చుబడ్డ ఎడమకాలు. మందులన్నీ వేళకు పడుతున్నాయంటున్నా అతని షుగరు దిగేది కాదు. దిగడం లేదని విలాసిని ఆరోగ్య కేంద్రం డాక్టర్ జ్యోతిష్‌కు చెప్పింది, ఆయన మోతాదు పెంచాడు. అయినా దిగలేదు. మళ్ళీ చెప్పింది, మళ్ళీ పెంచాడు. ఆ తర్వాత ఒక శనివారం అతని భార్య ఏలిక్కుట్టి, మేనకోడలికి సంబంధం ఖాయం చేసుకుంటున్నారని పాలా అనే ఊరు వెళ్ళింది. మాత్రలిచ్చే పని పొరుగింటి శోభనకు అప్పగించింది. శోభన చీటీలో ఉన్నది ఉన్నట్టు ఇచ్చింది. మధ్యాహ్నానికల్లా చేట్టన్ ఒళ్ళంతా చెమటలు పోసి మంచం మీంచి జారి పడ్డాడు. షుగరు అడుగంటిపోయింది. అంబులెన్సు వేళకు రాబట్టి బతికాడు గానీ, ఊరంతా ఒకటే మాట. నర్సమ్మ మందు ఎక్కువ చేసి చంపబోయిందట.

ఇన్నాళ్ళూ దిగని షుగరు ఆ ఒక్క రోజే ఎందుకు పాతాళానికి పోయింది? ఏలిక్కుట్టిని ఎన్నిసార్లు అడిగినా, సిస్టర్ చెప్పినట్టే ఇచ్చానని ఒకటే పాఠం అప్పజెప్పింది. ఆ రోజు నుంచీ మాత్రల పెట్టె శోభన ఇంట్లో ఉంటోంది. మోతాదు పాతదానికి తగ్గించారు. శోభనే వచ్చి, చేట్టన్ నోట్లో వేసి, మింగేదాకా నిలబడి వెళ్తోంది. ఆ ఏర్పాటు చేసింది విలాసినే. మంచి పని చేశాననే అనుకుంది.

ఇక ఈ రోజు సంగతి. వాన పొద్దుటినుంచీ ఒకే తీరున, తగ్గే ఉద్దేశం లేనట్టు కురుస్తోంది. స్కూటరు కింద రోడ్డు మీద వదిలేసి, గొడుగేసుకుని రాతిమెట్లు ఎక్కుతుంటే విలాసిని మోకాలు ప్రతి మెట్టు దగ్గరా సంజాయిషీ అడిగింది. రేపటి గురించి మాట్లాడ్డానికి కాదు, చేట్టన్‌కి బీపీ చూడాల్సిన రోజు కాబట్టి వెళ్తున్నానని తనకు తనే చెప్పుకుంది. అందులో కొంతే నిజం. నిద్రలేక కళ్ళు మండుతున్నాయి. ఈ మెట్లు, ఈ వాన, ఈ ఇళ్ళు, ఇన్ని పేర్ల మాత్రలు, అన్నీ ఇక ఎవరైనా తీసేసుకుంటే హాయిగా పడి నిద్రపోదామని కూడా ఒక క్షణం అనిపించింది.

చేట్టన్ ముందుగదిలో కిటికీ పక్క మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాడు.

"రేపు నిన్ను ఉరి తీస్తారంటగా సిస్టర్."

"ఉరి కాదు చేట్టా, బదిలీ. ఉరైతే ఒక్కరోజుతో పోయేది."

అతను ఒకవైపు మూతితోనే నవ్వాడు. బీపీ బాగుంది. వేలి మీద పొడిచి షుగరు చూస్తే అదీ ఎంత ఉండాలో అంతే ఉంది. పాత మోతాదుకే ఇంత బుద్ధిగా వింటున్న షుగరు అన్ని నెలలపాటు ఎందుకు మొండికేసిందో ఆమెకు అర్థం కాలేదు. ఆ సంగతే ఆమెను రాత్రిళ్ళు పడుకోనివ్వడం లేదు.

కట్టన్ చాయ తాగి వెళ్ళమని లోపలినుంచి ఏలిక్కుట్టి పిలిచింది. పాలు లేని ఆ నల్ల టీ ఇవ్వకుండా ఇక్కడ ఏ ఇంట్లోనూ మనిషిని పంపరు. విలాసిని వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూర్చుంది. ముందుగదికీ వంటింటికీ మధ్య చెక్కపలకల గోడే. అటువైపు చేట్టన్ దగ్గు కూడా వినపడుతుంది.

ఏలిక్కుట్టి గ్లాసు చేతికిస్తుంటే విలాసిని ఆమెను నిజంగా చూసింది. ఇన్నాళ్ళూ ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా చూపు చేట్టన్ మీదే ఉండేది, ఏలిక్కుట్టి ఆయన గురించి జవాబులు చెప్పే గొంతు మాత్రమే. ఇప్పుడు చూస్తే ఒంటిమీది చట్టా రవిక భుజం మీంచి జారిపోతోంది. పెదవులు ఎండి పగిలిపోయాయి. జీలకర్ర వేసి కాచిన నీళ్ళు పెద్ద చెంబుతో ఎత్తి గటగటా తాగింది, దించింది, మళ్ళీ ఎత్తింది. తన టీలో బెల్లం ముక్క వేసుకుంది, చాలక ఇంకోటి వేసుకుంది. ఒంట్లో ఓపిక లేదని, తీపి తాగితేనే కాస్త నిలబడగలుగుతున్నానని అంది. ఇంతలోనే ఇప్పుడే వస్తానని పెరట్లోకి వెళ్ళింది. వచ్చి టీ పూర్తిచేయకముందే మళ్ళీ వెళ్ళింది.

పెరటి వాకిలికి ఆనుకునే స్నానాలగది ఉంది. దాని గడప పొడుగునా చీమలు బారు కట్టాయి. షుగరు ఉన్నవాళ్ళ మూత్రానికే అలా చీమలు పడతాయని విలాసినికి తెలుసు. చేట్టన్ ఆ గదికి వెళ్ళడు, నడవలేడు, అతనికి మంచం దగ్గరే సీసా పెడతారు. మరి ఈ చీమలు ఎవరి కోసం వచ్చినట్టు?

ఆమె చేతులు అలవాటుగా సంచీ విప్పాయి. చేట్టన్ మడమ మీది పుండుకు కట్టే గుడ్డల పొట్లం తీసింది, దాని దారం బిగిసిపోయి ఉంది. కత్తెర కోసం చుట్టూ చూస్తే కిటికీ చట్రం మీద అడకత్తెర కనిపించింది. తీసుకుని దారానికి ఆనించబోయి ఆగిపోయింది. చేట్టన్ పళ్ళన్నీ ఊడి చాలాకాలమైంది. ఏలిక్కుట్టి తాంబూలం ఎప్పుడూ ముట్టదు. అలాంటిది అడకత్తెర వంటింట్లో చేతికందేచోట ఉంది, దాని అంచున వక్కమరక లేదు. తెల్లటి పొడి ఉంది. వేలితో రుద్ది నాలుక చివర పెట్టుకుంది. చేదు.

ఏలిక్కుట్టి తిరిగొచ్చేసరికి అడకత్తెర విలాసిని ఒళ్ళో ఉంది.

"ఈ ఇంట్లో వక్క ఎవరు నములుతున్నారు చేచ్చీ?"

ఏలిక్కుట్టి ఎవరూ లేరనబోయింది. అడకత్తెర చూసింది. నోరు తెరిచిన మనిషి తెరిచినట్టే గోడ పట్టుకుని, మెల్లిగా నేల మీద కూర్చుంది. బుకాయించడానికి కూడా ఓపిక కావాలి కదా. అది ఆమెలో మిగల్లేదు.

"మాత్రకి నడుమన గీత ఎందుకు పెడతారు సిస్టర్?" అంది చివరికి, పలక గోడ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి. "విరవడానికే కదా. ఒక్కరే తినాలనుకుంటే గీతెందుకు?"

ఆ తర్వాత అంతా ఒక్కొక్క ముక్కే వచ్చింది. పోయినేడు ఈస్టరుకు ముందు గురువారం, పెసహా రోజున, చర్చిలో కళ్ళు తిరిగాయట. దాహం, నీరసం, రాత్రంతా పెరట్లోకి తిరగడం. చేట్టన్‌కి షుగరు మొదలైనప్పుడు ఏమేం జరిగాయో అవన్నీ తనకీ జరిగాయి. ఒకే బావి నీళ్ళు, ఒకే గంజి, ఒకే చేపల కూర, అలాంటప్పుడు జబ్బు మాత్రం వేరే ఎందుకవుతుంది? ఒకే జబ్బయితే మందు ఒకటే. పెళ్ళయినప్పటినుంచీ ఈ ఇంట్లోకి ఏది వచ్చినా ఇద్దరూ చెరిసగమే పంచుకున్నారు. పెసహా రాత్రి ఇంటిపెద్ద అప్పం విరిచి ఇస్తాడు. అలాగే పొద్దున ఆయనకో సగం, తనకో సగం. రాత్రికీ అంతే. షుగరు మాత్రా, బీపీ మాత్రా రెండూ. గుండ్రటివి చక్కగా రెండయ్యేవి. గీత లేనివాటికి అడకత్తెర కావాల్సి వచ్చేది.

విలాసినికి ముందు ప్రాణం లేచొచ్చింది. ఈ మాట ఒప్పుకోవడం కష్టమే గానీ, నిజం అదే. ఎదురుగా ఒక మనిషి ఎండిపోయి కూర్చుని ఉంటే ఆమె మనసు మొదట రేపటి దగ్గరికే పరిగెత్తింది. సగం మాత్రకు షుగరు దిగదు. దిగకపోతే మోతాదు పెంచారు. పెంచినదాంట్లోనూ సగమే అతనికి అందింది. ఏలిక్కుట్టి ఊళ్ళో లేని రోజున పెంచిన మాత్ర మొత్తం ఒకేసారి పడింది. చిక్కుముడి మొత్తం విడిపోయింది. రేపు పెద్ద డాక్టరమ్మ ముందు ఈ నాలుగు మాటలు చెబితే చాలు, తప్పు తనది కాదు, క్లినిక్కు తలుపు మూతపడదు.

ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. మాత్రల పెట్టె శోభన ఇంటికి పోయిన రోజు నుంచీ ఏలిక్కుట్టికి ఆ సగం కూడా లేదు. ఆ పెట్టెను పంపింది తనే.

క్లినిక్కుకు ఎందుకు రాలేదని అడిగింది. వారం వారం చేట్టన్‌ని తీసుకుని నా బల్ల దగ్గరికే వస్తున్నారుగా, ఒక్కసారి చెయ్యి చాపి నాకూ చూడమంటే చూడనా అంది. ఆ గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువ.

"నువ్వే చెప్పావుగా సిస్టర్," అంది ఏలిక్కుట్టి. "క్లాసులో."

రోగి పక్కన ఉండి చూసుకునే మనిషిని ఇక్కడ కూట్టిరిప్పు అంటారు. క్లినిక్కులో ప్రతి రోగికీ ఒక కూట్టిరిప్పు పేరు చెప్పాలి. వాళ్ళందరినీ కూర్చోబెట్టి విలాసిని క్లాసు చెప్పేది, మాత్రలెలా ఇవ్వాలి, పుండు ఎలా కడగాలి, పడితే ఎలా లేపాలి. ఆ క్లాసులోనే ఒకసారి అంది, కూట్టిరిప్పు ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలి, కూట్టిరిప్పు మంచాన పడితే రోగిని ఇంట్లో ఉంచలేం అని. వాళ్ళు తమ ఒంటిని కూడా పట్టించుకోవాలని అన్న మాట అది. అప్పటికి పైనింటి కుర్యన్ భార్య మంచాన పడి, కుర్యన్‌ని కొండ కింద ముసలివాళ్ళ ఆశ్రమానికి పంపి కొద్దిరోజులే అయింది. కుర్యన్ ఓణం చూడకుండానే పోయాడు. విలాసిని మాట ఏలిక్కుట్టి చెవికి హెచ్చరికలా వినపడలేదు. తీర్పులా వినపడింది.

"నీ బల్ల మీద నాకు షుగరని తేలితే నేనూ రోగినే కదా," అంది ఏలిక్కుట్టి. "ఇద్దరూ రోగులైతే కూట్టిరిప్పు ఎవరు? ఆయన్ని ఆశ్రమానికి ఎక్కిస్తారు. ఇదంతా ఆయనకి తెలీదు. తెలిస్తే మాత్ర ముట్టడు."

విలాసిని సంచీలోంచి షుగరు చూసే మిషను తీసింది. ఏలిక్కుట్టి రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. పసిపిల్ల తీరున కూర్చున్న ఆ ముసలామెను చూస్తే నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. బతిమాలింది. చివరికి బేరం కుదిరింది. ఎంత వచ్చినా ఆ అంకె ఎక్కడా రాయకూడదు, నోటితో బయటికి చెప్పకూడదు. విలాసిని సరేనంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక అంకెను రాయనని మాటివ్వడం ఆమెకు అదే మొదలు.

చుక్క రక్తం తీయడానికి వేలు గట్టిగా పిండాల్సి వచ్చింది. ఇద్దరూ మిషను మీదకు వంగారు. చేట్టన్ కోసం వారం వారం చూసి చూసి ఏలిక్కుట్టికి అంకెలన్నీ తెలుసు. మిషను కాసేపు ఆలోచించింది. అంకె రాలేదు. రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి.

"చూశావా," అంది ఏలిక్కుట్టి, ముఖం కాస్త విప్పారుతూ. "అంకే రాలేదు. నీ మిషను పాడైపోయింది సిస్టర్."

విలాసిని ఇంకో పట్టీ తీసి ఇంకో వేలు పొడిచింది. మళ్ళీ అవే రెండక్షరాలు. ఈసారి తన వేలే పొడుచుకుని చూసింది. అంకె చక్కగా వచ్చింది. అదీ గొప్పగా చెప్పుకోవాల్సిన అంకేం కాదు గానీ, ఆ గొడవ మరోసారి చూద్దాం. మిషను బాగానే ఉంది. ఏలిక్కుట్టి ఒంట్లో ఉన్నంత ఎక్కువ చక్కెరను లెక్కపెట్టడం దానికి చేతకాలేదు, అంతే. రాయనని మాటిచ్చిన అంకె రాయడానికే రాలేదు.

"చేచ్చీ, పదండి. ఇప్పుడే వెళ్ళాలి. రేపటిదాకా ఆగితే మీరు లేవరు."

ఏలిక్కుట్టి కదల్లేదు. విలాసిని ఫోను తీసి డాక్టర్ జ్యోతిష్‌కు చేసింది. మిషను ఏం చూపించిందో, మనిషి ఎలా ఉందో చెప్పింది. ఆయన క్షణం ఆలస్యం చేయకుండా కింది తాలూకా ఆసుపత్రికి పంపమన్నాడు, సెలైను ఎక్కించాలి, వాళ్ళకు తనే ఫోను చేస్తానన్నాడు. మంచివాడే. మందుల చీటీ మీద సంతకం పెట్టింది నేను, రేపు పెద్ద డాక్టరమ్మ ముందు నర్సును ఒక్కదాన్నే నిలబెడితే ఊరుకోనని పొద్దున కూడా అన్నాడు. అలాంటివాడు ఇప్పుడు, ఆమె ఇదివరకు ఏ మాత్రలు వాడేదని అడిగాడు. ఏలిక్కుట్టి కళ్ళు విలాసిని పెదాల మీదే ఉన్నాయి. ప్రస్తుతం ఏమీ లేవు డాక్టర్ అంది విలాసిని. అబద్ధం కాదు.

ఇంత వానలో ఆ మలుపులో అంబులెన్సు ఎక్కదు. జీపు ఉన్నవాణ్ణి పిలిచింది. శోభనను కేకేసి, ఈ రాత్రికి చేట్టన్ దగ్గర పడుకోమని ఒప్పించింది. జీపు వచ్చి కింద హారను కొట్టింది. ఏలిక్కుట్టి మాత్రం వంటింటి గుమ్మం రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"నీ ఉద్యోగం నిలబడాలంటే నేను జీపెక్కాలి. అంతే కదా సిస్టర్?" అంది. "అక్కడ నన్ను పడుకోబెట్టి, రేపు ఆ పెద్దావిడ ముందు అంతా చెప్పేస్తావు. అది మాత్ర దొంగిలించింది, నాదేం తప్పు లేదని చెప్పేస్తావు. నువ్వు గెలుస్తావు. ఈయన్ని ఆశ్రమానికి తోలుతారు."

ఆ మాట విలాసినికి ముల్లులా దిగింది, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. ఇందాక మొదట ప్రాణం లేచొచ్చింది తనకే కదా. ఇప్పుడు చెయ్యాల్సిందేమిటో ఆమెకు స్పష్టంగానే తెలుసు. ఏలిక్కుట్టికి మాటివ్వాలి, ఇస్తే నిలబెట్టుకోవాలి. నిలబెట్టుకుంటే రేపటితో క్లినిక్కు పోతుంది. గురువారాలు వచ్చే అందరి గుండెలూ కోట్టయానికి, మూత్రపిండాలు ఎర్నాకుళానికి మళ్ళీ చెరోదారీ పడతాయి. ఇవ్వకపోతే ఈ గుమ్మంలోనే, తన కళ్ళముందే ఏలిక్కుట్టి కూలిపోతుంది. ఎంత ఆలోచించినా రెండూ ఒకటి కాలేదు. గుమ్మంలో ఉన్నది మాత్రం ఏలిక్కుట్టే.

"రేపు నేను నోరు విప్పను చేచ్చీ," అంది. "మాత్రలు సగం చేశారని ఎవరికీ చెప్పను. మీ ఆయన మీద ఒట్టు. ఇక జీపెక్కండి."

ఏలిక్కుట్టి ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏం కనిపించిందో గానీ గుమ్మం మీంచి ఒక చెయ్యి తీసింది, తర్వాత రెండోది. విలాసిని ఆమె భుజం కింద చెయ్యి వేసి నడిపించింది. ఎముకల సంచీలా తేలిగ్గా ఉంది మనిషి. ఇద్దరూ ముందుగదిలోకి వచ్చారు. శోభన గొడుగు విప్పి వాకిట్లో నిలబడి ఉంది.

"ఆగండి," అన్నాడు ఔత చేట్టన్.

మంచం అంచున కాళ్ళు కిందికి దించి కూర్చుని ఉన్నాడు. ఎడమకాలిని తన చేతులతోనే దించుకున్నట్టున్నాడు, అది కొంచెం అడ్డంగా ఉంది. అతని ముఖం చూడగానే విలాసినికి పలక గోడ సంగతి గుర్తొచ్చింది.

"సిస్టర్ మాటిచ్చింది. విన్నాను," అన్నాడు. "నేను మాత్రం ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు."

ఏలిక్కుట్టి ఊరుకోమంది. నీకేం తెలీదు, నువ్వు పడుకో అంది.

"నాకు తెలీకపోవడమేమిటి, నన్ను కాపాడ్డానికి అలా చెప్తోంది. సిస్టర్, మొదటి మాత్ర విరిచింది ఇది కాదు, నేను. పెసహా రాత్రి అప్పం విరిచి దీనికిచ్చాను. చెయ్యి వణుకుతుంటే అప్పం కింద పడేసుకుంది. అప్పుడు నా మాత్ర తీసి విరిచి, వద్దంటున్నా దీని నోట్లో పెట్టాను. ఆ అలవాటు చేసింది నేనే. ఇన్నాళ్ళూ నీ మీద పడ్డ నిందకు మంచం మీద పడి నోరు మూసుకున్నదీ నేనే."

ఏలిక్కుట్టి ఏడుస్తోంది, శబ్దం లేకుండా. నువ్వది చెప్తే నిన్ను ఆశ్రమంలో పడేస్తారని అంది. నేను తిరిగొచ్చేసరికి ఈ మంచం ఖాళీగా ఉంటుందని అంది. చేట్టన్ విలాసిని వైపే చూస్తున్నాడు.

"రేపు పదకొండింటికి కదా?" అన్నాడు. "దీన్ని దించేసి ఆ జీపు మళ్ళీ పొద్దున నా కోసం రావాలి. నలుగురు పట్టుకుంటే నేను మెట్లు దిగగలను."

కింద జీపువాడు మళ్ళీ హారను కొట్టాడు. చేట్టన్ మంచం కోడు పట్టుకుని నిలబడబోయాడు, పట్టు చిక్కక మళ్ళీ కూర్చుండిపోయాడు, అలా కూర్చునే భార్య వైపు తిరిగాడు.

"ఏలీ, వెళ్ళేముందు చెప్పు. నా తెల్ల చొక్కా ఎక్కడ పెట్టావు?"